మిడ్‌ఫీల్డర్ ఎక్కడ తయారవుతాడు? పాలమూరు, నల్లగొండ మైదానాల లెక్క

నాలుగో తరగతిలో చేరే పిల్లలను క్రీడా పాఠశాలకు ఎంపిక చేయడానికి తెలంగాణలో ఒక పద్ధతి ఉంది. ఎత్తు, బరువు చూస్తారు. 30 మీటర్లు ఎంత వేగంగా దాటారో, 800 మీటర్లు ఎంతసేపట్లో పరుగెత్తారో రాసుకుంటారు. నిలబడిన చోటు నుంచి దూకిస్తారు, మెడిసిన్ బాల్ విసిరిస్తారు, షటిల్ రన్ చేయిస్తారు, నడుము ఎంత వంగుతుందో కొలుస్తారు. కింది స్థాయిలో మొదలై హకీంపేట క్రీడా పాఠశాల దాకా సాగే ఈ వడపోతలో తప్పుపట్టడానికి పెద్దగా ఏమీ లేదు. స్టాప్‌వాచీకి బంధుప్రీతి ఉండదు. పరుగు పందేలకు, కబడ్డీకి పనికొచ్చే పిల్లలు ఇందులో తేలిగ్గా బయటపడతారు. ఫుట్‌బాల్ విషయానికొస్తే గీత పక్కన దూసుకుపోయే వింగర్ కూడా దొరుకుతాడు. దొరకనివాడు మైదానం నడుమ ఆడే మిడ్‌ఫీల్డర్. అతనిలో చూడాల్సినదాన్ని కొలిచే పరీక్ష ఈ జాబితాలో లేదు. నిజానికి ప్రపంచంలో ఎక్కడా తొమ్మిదేళ్ల వయసులో అది టేపుతో, గడియారంతో తేలే విషయం కాదు.

లూకా మోడ్రిచ్‌ను ఈ వరసలో నిలబెట్టి ఉంటే ఏమయ్యేదో ఊహించనక్కర్లేదు, అది జరిగిన కథే. 1985లో క్రొయేషియాలోని జాదర్‌లో పుట్టాడు. యుద్ధం వచ్చి ఇల్లు వదిలిన కుటుంబం ఏళ్ల తరబడి హోటళ్లలో శరణార్థులుగా బతికింది. పిల్లవాడు ఆడుకున్నది ఆ హోటల్ ముందు బండ్లు నిలిపే స్థలంలో. హైదుక్ స్ప్లిట్ క్లబ్బు అతన్ని చూసి బక్కపలచగా ఉన్నాడని వద్దంది. దినమో జాగ్రెబ్ తీసుకుంది కానీ వెంటనే ఆడించలేదు. 2003లో బోస్నియాలోని జ్రిన్‌స్కీ మోస్తార్‌కు, ఆ తర్వాత ఇంటర్ జాప్రెషిచ్‌కు అరువు పంపింది. 2008లో టాటెన్‌హామ్, 2012లో రియల్ మాడ్రిడ్. అక్కడ ఆరు చాంపియన్స్ లీగ్ టైటిళ్లు, 2018లో ప్రపంచ ఉత్తమ ఆటగాడికిచ్చే బాలన్ డి'ఓర్. 2025లో మాడ్రిడ్ వదిలి ఏసీ మిలాన్‌కు వెళ్లేనాటికి అతనికి 40 ఏళ్లు నిండవస్తున్నాయి. ఆ వయసులో వింగర్లు చాలామంది టీవీ స్టూడియోలో కూర్చుని ఉంటారు.

మిడ్‌ఫీల్డర్ వృత్తి అంత ఆలస్యంగా విచ్చుకోవడానికీ, అంత దీర్ఘంగా సాగడానికీ కారణం ఒకటే. వింగర్‌కు ఒక పక్క గీత ఉంటుంది, ఆ వైపు నుంచి ఎవరూ రారు. డిఫెండర్‌కు ఆటంతా ఎదురుగానే కనిపిస్తుంది. మధ్యలో ఉన్నవాడికి మాత్రం నలువైపులా మనుషులే. పెళ్లిపందిట్లో వడ్డన చూసుకునే పెద్దమనిషిలా ఏ వరసలో ఏది తక్కువైందో, ఎవరి చేతిలో ఏ గిన్నె ఉందో అడక్కుండానే తెలిసి ఉండాలి. మ్యాచ్‌లో దాదాపు 11 కిలోమీటర్లు తిరిగినా, ఆ తిరుగుడులో ఎక్కువ భాగం బంతి కోసం కాదు, బంతి వచ్చేటప్పటికి సరైన చోట ఉండడం కోసం. నార్వే పరిశోధకుడు గేర్ యోర్డెట్ ఇంగ్లిష్ ప్రీమియర్ లీగ్ ఆటగాళ్లను వీడియోల్లో గమనించి, బంతి అందకముందు భుజం మీదుగా ఎన్నిసార్లు వెనక్కి చూశారో లెక్కపెట్టాడు. ఎక్కువసార్లు చూసినవారి పాస్‌లు ఎక్కువగా గురికి చేరుతున్నాయని తేలింది. అలా బాగా చూసేవారిలో లాంపార్డ్ ముందున్నాడు, స్పెయిన్ లీగ్‌లో ఆడిన జావీదీ అదే అలవాటు. వాళ్లిద్దరూ పరుగు పందెంలో గెలిచే రకం కాదు.

ఇక్కడి నుంచి విషయం మన నేల మీదికి వస్తుంది, అక్షరాలా నేల మీదికే. నల్లగొండ, పాలమూరు ఉమ్మడి జిల్లాల్లో ఎక్కువ భాగం ఎర్ర చెల్క. బడి మైదానమంటే గడ్డి లేని గట్టి నేల, అక్కడక్కడ మొలకరాళ్లు, ఒక మూల వర్షపు నీరు కోసిన గాడి. అలాంటి చోట బంతి పాదం దగ్గరికి ఎలా వస్తుందో చివరి అడుగు దాకా తెలియదు. రాయి తగిలి మోకాలి ఎత్తుకు లేస్తుంది, లేకపోతే పక్కకు తిరుగుతుంది. కాబట్టి పిల్లవాడు ఏం చేస్తాడు? బంతినే చూస్తాడు. బంతి వదిలి కళ్లు ఎత్తితే బంతి పోతుంది, పోతే జట్టు తిడుతుంది. ఇలా ఆరేడేళ్లు ఆడిన పిల్లవాడికి తల దించుకునే అలవాటు ఎముకల్లోకి దిగుతుంది. తర్వాత మంచి గడ్డి మీదికి తెచ్చినా తల లేవదు. మోడ్రిచ్ ఆడింది పేదరికంలోనే, కానీ చదునైన నేల మీద. అక్కడ బంతి మోసం చేయదు కనుక కళ్లకు పక్కలకు చూసే తీరిక దొరుకుతుంది. పేదరికం ఆటగాళ్లను తయారుచేస్తుందని తరచూ రాసేవాళ్లు ఈ తేడాను గమనించరు.

గతుకుల నేల మీద పనికొచ్చే తెలివి వేరు. బంతిని గాల్లోకి లేపి ముందుకు కొట్టడం, దాని వెంట పరుగెత్తడం. దేవరకొండ, చందంపేట తండాల్లో గానీ, అచ్చంపేట వైపు గానీ ఈ ఆటకు కావలసిన ఊపిరి ఉన్న పిల్లలకు కొదవ లేదు. వాళ్లలో ఎవరైనా పైకి వస్తే ముందువరుసలోకో, అంచులకో వస్తారు. నిజామాబాద్ జిల్లా నుంచి వెళ్లి భారత మహిళల జట్టుకు ఆడుతూ, 2022లో దినమో జాగ్రెబ్ మహిళల జట్టులో చేరిన గుగులోత్ సౌమ్య కూడా దాడి వరుస క్రీడాకారిణే. మోడ్రిచ్‌ను నిలబెట్టిన క్లబ్బు పేరు ఒక తెలంగాణ తండాకు చేరిందంటే చిన్న విషయం కాదు. అది వేగానికి దొరికిన దారి. మధ్యవరుసకు అలాంటి దారి ఇంకా పడలేదు.

స్థలం సంగతి కూడా లెక్క వేసి చూడాలి. అంతర్జాతీయ మ్యాచ్‌లకు వాడే మైదానం 105 మీటర్ల పొడవు, 68 మీటర్ల వెడల్పు. మన కొలతలో చెప్పాలంటే ఎకరా ముప్పై గుంటలు, అదీ గీతల లోపల మాత్రమే. 2022లో ఊరూరా మొదలుపెట్టిన తెలంగాణ క్రీడా ప్రాంగణాలకు అనుకున్న స్థలం ఎకరం లోపే. అందులో వాలీబాల్, కబడ్డీ, ఖోఖో కోర్టులు, లాంగ్ జంప్ గుంత, వ్యాయామానికి ఇనుప కడ్డీలు వేశారు. ఫుట్‌బాల్ గోల్ స్తంభాలకు చోటు దక్కలేదు. దీన్ని చూసి బాధపడేవాళ్లు ఉన్నారు కానీ బాధ అనవసరం. పన్నెండేళ్ల లోపు పిల్లలకు పెద్ద మైదానం వల్ల మేలు కన్నా చెరుపే ఎక్కువ. 60 మీటర్లకు 40 మీటర్ల స్థలంలో ఏడుగురేసి ఆడవచ్చు, దానికి 24 గుంటలు చాలు. పెద్ద మైదానంలో ఇరవై ఇద్దరు పిల్లలను వదిలితే బంతి ఒక్కొక్కరి కాలికి గంటలో కొద్దిసార్లే తగులుతుంది. చిన్న స్థలంలో నలుగురేసి ఆడితే అదే గంటలో పదుల సార్లు బంతి అందుతుంది, అందిన ప్రతిసారీ ఎవరో ఒకరు మీదికి వస్తారు, ఎటు ఇవ్వాలో అప్పటికప్పుడు తేల్చుకోవాలి. మధ్యవరుస చదువంతా అదే.

దీనికి ఇంకా చవకైన దారి ఫుట్‌సాల్, అంటే గట్టి కోర్టు మీద ఐదుగురేసి ఆడే చిన్న ఫుట్‌బాల్. ఆ ఆట బంతి కాస్త చిన్నది, చుట్టుకొలత 62 నుంచి 64 సెంటీమీటర్లు. రెండు మీటర్ల ఎత్తు నుంచి వదిలితే 50 నుంచి 65 సెంటీమీటర్ల దాకా మాత్రమే లేస్తుంది. గట్టి నేలకు తగినట్టుగా తయారైన బంతి అది. బడిలో సిమెంటు బాస్కెట్‌బాల్ కోర్టు ఉంటే చాలు, 28 మీటర్లకు 15 మీటర్ల ఆ స్థలంలో నలుగురేసి ఆడేయవచ్చు. బ్రెజిల్, స్పెయిన్ ఆటగాళ్లలో ఎందరో దీన్ని ఆడి పెరిగినవాళ్లే. గురుకులాల్లో, పాత ఉన్నత పాఠశాలల్లో ఇలాంటి కోర్టులు ఉన్నాయి. వాటి మీద సభల కుర్చీలు వేయడం మానితే సగం పని అయినట్టే.

హైదరాబాద్‌కు ఇవన్నీ కొత్త సంగతులు కావు. వృత్తిరీత్యా ఉపాధ్యాయుడు, భారత జట్టు కోచ్ అయిన సయ్యద్ అబ్దుల్ రహీం ఈ మాటలు ఎవరూ వాడని రోజుల్లోనే ఈ పని చేశాడు. డ్రిబుల్ చేయడం నిషేధించిన పోటీలు పెట్టేవాడు, అంటే బంతి అందిన వెంటనే ఇచ్చేయాలి. బలహీనమైన కాలితోనే ఆడాలన్న పోటీలు పెట్టేవాడు. నియమం చిన్నది, కానీ దాని పర్యవసానం చూడాలి. బంతితో ముందుకు పోవడం కుదరదని తెలిసినవాడు బంతి రాకముందే ఎవరికి ఇవ్వాలో వెతుక్కుంటాడు. యోర్డెట్ వీడియోల్లో లెక్కపెట్టిన అలవాటును రహీం అర్ధశతాబ్దం ముందే ఒక్క నిషేధంతో పిల్లలకు నేర్పించాడు. అతని శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. భారత జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది, 1962 జకార్తా ఆసియా క్రీడల ఫైనల్లో దక్షిణ కొరియాను 2–1తో ఓడించి స్వర్ణం తెచ్చింది. మరుసటి ఏడాదే రహీం క్యాన్సర్‌తో కన్నుమూశాడు. ఆ పోటీలూ అతనితోనే పోయాయి. బంగారు పతకాన్ని తలుచుకున్నంతగా ఆ నిషేధాలను ఎవరూ తలుచుకోరు.

ఆ ఒరవడిలో వచ్చినవాళ్లు తర్వాత కలకత్తాను ఏలారు. ముందువరుసకూ మధ్యవరుసకూ నడుమ ఆడిన మహమ్మద్ హబీబ్, ఉద్యోగాల కోసం ఆడే కాలంలో ఆటనే వృత్తిగా పెట్టుకుని తొలి నిజమైన ప్రొఫెషనల్‌గా పేరు తెచ్చుకున్నాడు. 1977లో ఈడెన్ గార్డెన్స్‌లో పీలే ఆడిన న్యూయార్క్ కాస్మోస్ మీద మోహన్ బగాన్ 2–2తో డ్రా చేసుకున్న మ్యాచ్‌లో గోల్ కొట్టాడు. విక్టర్ అమల్‌రాజ్ మధ్యవరుసలో నిలిచి ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్, మొహమ్మదన్ స్పోర్టింగ్ మూడింటికీ ఆడాడు. వీళ్లంతా జంటనగరాల మైదానాల్లో తయారైనవారే. పోలీసు మైదానాలు, కంటోన్మెంట్ జట్లు, బస్తీ క్లబ్బులు, సాయంత్రమైతే ఎక్కడో ఒకచోట మ్యాచ్. నల్లగొండ, మహబూబ్‌నగర్ అక్కడికి వంద కిలోమీటర్ల దూరంలోనే ఉన్నా ఆ మ్యాచ్‌ల సందడి ఇటువైపు రాలేదు. ఇటు వచ్చింది ఆ మ్యాచ్‌ల వార్తలు.

అసలు లోటు అక్కడే ఉంది. బడి పిల్లలకు ఫుట్‌బాల్ పోటీ అంటే మండలం, జోన్, జిల్లా, రాష్ట్రం. ఎక్కువగా నాకౌట్. మొదటి మ్యాచ్‌లో ఓడిన జట్టు ఆ ఏడాదికి బూట్లు కట్టి పెట్టేయవచ్చు. గెలిచిన జట్టుకైనా రెండు మూడు రోజుల్లో ఐదారు మ్యాచ్‌లు, అవి కూడా కుదించిన సమయంతో, ఎండలో వరసగా. వింగర్‌కు ఇది పెద్ద నష్టం కాదు. ఒక్క మంచి పరుగు చాలు, చూసినవాడి కంట్లో పడతాడు. మిడ్‌ఫీల్డర్ మంచివాడో కాదో ఒక్క మ్యాచ్‌లో తెలియదు, చూసేవాడికే కాదు, ఆడేవాడికీ తెలియదు. గత వారం తప్పు ఇచ్చిన పాస్‌ను ఈ వారం సరిదిద్దుకోవాలి. ఎదురు జట్టు తనను ఎలా ఆపిందో గుర్తుపెట్టుకుని మళ్లీ అదే జట్టుతో ఆడాలి. వారం వారం లీగ్ లేని చోట ఆ జ్ఞాపకం పేరుకోదు. యూరప్‌లో పదేళ్ల పిల్లవాడు వారాంతానికి ఒక మ్యాచ్ చొప్పున ఆడుతూ పెరుగుతాడు. మన దగ్గర అంతే ప్రతిభ ఉన్నవాడు ఆ వయసులో మేలో నెల రోజుల వేసవి శిబిరానికి వస్తాడు, టీషర్టు, సర్టిఫికెట్ తీసుకుని ఇంటికి వెళ్తాడు.

వృత్తిలోకి అడుగుపెట్టిన తర్వాత మధ్యవరుస ఆటగాడి దారి తిన్నగా సాగదు. చాలామంది పదో నంబరుగా, అంటే గోల్‌కు దగ్గరగా దాడులు అల్లేవాడిగా మొదలవుతారు. వయసు పెరిగేకొద్దీ వెనక్కి జరుగుతారు. ఆంద్రియా పిర్లో కథ దీనికి మంచి ఉదాహరణ. ఇంటర్ మిలాన్‌లో చోటు దొరక్క 2001లో బ్రెషాకు అరువు వెళ్లాడు. అక్కడ పదో నంబరు స్థానంలో రాబర్తో బాజియో ఉన్నాడు, అతన్ని కదిపే ధైర్యం ఎవరికి ఉంటుంది? కోచ్ కార్లో మాజోనె పిర్లోను డిఫెన్స్ ముందుకు, వెనక్కి జరిపాడు. ఖాళీ లేక ఇచ్చిన చోటే అతని జీవితాన్ని నిర్ణయించింది. ఏసీ మిలాన్‌లో ఆన్చెలోత్తి అక్కడే కొనసాగించాడు, 2006లో ఇటలీ ప్రపంచ కప్ గెలిచింది. 2011లో 32 ఏళ్ల వయసులో మిలాన్ వదిలేస్తే యువెంటస్ ఉచితంగా తీసుకుంది, వరసగా నాలుగు లీగ్ టైటిళ్లు గెలుచుకుంది. ఇంకా పదునెక్కుతున్న ఆటగాణ్ని మిలాన్ వయసు చూసి వదులుకుంది.

భారత్‌లో ఇలా వెనక్కి జరిగి నిలదొక్కుకునే సౌకర్యం తక్కువ, ఎందుకంటే మైదానం నడుమ స్థానాలను క్లబ్బులు విదేశీయులకు ఇస్తాయి. 2021–22 సీజన్ నుంచి ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్)లో ఒక్కో జట్టు మైదానంలో నలుగురికి మించి విదేశీయులను దించకూడదన్న నియమం వచ్చింది. ఆ నలుగురినీ క్లబ్బులు సాధారణంగా సెంటర్ డిఫెన్స్, సెంటర్ మిడ్‌ఫీల్డ్, సెంటర్ ఫార్వర్డ్ స్థానాల్లో నిలుపుతాయి. అంచులు మనవాళ్లకు మిగులుతాయి. అదే సీజన్‌లో కప్ గెలిచిన హైదరాబాద్ ఎఫ్‌సీకి మధ్యలో ఆధారం బ్రెజిల్ ఆటగాడు, కెప్టెన్ జొవావ్ విక్టర్. అయినా 2022 మార్చి 20న ఫతోర్దాలో కేరళ బ్లాస్టర్స్‌తో జరిగిన ఫైనల్లో 88వ నిమిషంలో స్కోరు సమం చేసింది గోవాకు చెందిన మిడ్‌ఫీల్డర్ సాహిల్ తవోరా. పెనాల్టీల్లో లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు ఆపాడు, కప్ వచ్చింది. కోవిడ్ వల్ల ఆ సీజన్ మొత్తం గోవాలోనే జరిగింది కాబట్టి హైదరాబాద్ పేరుతో చాంపియన్ అయిన జట్టు ఆ ఏడాది హైదరాబాద్‌లో ఒక్క లీగ్ మ్యాచ్ ఆడలేదు. రెండేళ్లు తిరక్కుండానే జీతాల బకాయిల గొడవలో ఆటగాళ్లు చెదిరిపోయారు. 2025లో ఆ జట్టు ఢిల్లీకి తరలిపోయింది, పేరు కూడా మారింది. అదే ఏడాది ఐఎస్‌ఎల్ కూడా అనుకున్న సమయానికి మొదలవలేదు. ఇక దక్షిణ తెలంగాణ పిల్లవాడికి దగ్గరలో ఉన్న వృత్తి క్లబ్బు అంటే రంగారెడ్డి జిల్లా అజీజ్‌నగర్‌లో డెక్కన్ అరీనా ఉన్న శ్రీనిధి డెక్కన్. ఐఎస్‌ఎల్‌కు కింది స్థాయి పోటీ అయిన ఐ–లీగ్‌లో 2022–23, 2023–24 సీజన్లలో వరసగా రెండో స్థానంలో నిలిచింది. షాద్‌నగర్ నుంచి బయలుదేరితే గంటన్నర లోపు దూరం. ఊరు వదలకుండా వెళ్లి రాగలిగిన దూరం మాత్రం కాదు.

ఊరు వదలడం ఈ వృత్తిలో తప్పదు. 2017 అండర్–17 ప్రపంచ కప్‌లో కొలంబియా మీద గోల్ కొట్టి, ఫిఫా ప్రపంచ కప్ టోర్నీలో భారత్ తరఫున తొలి గోల్ సాధించిన జీక్సన్ సింగ్ మధ్యవరుస ఆటగాడే. మణిపూర్ నుంచి చిన్న వయసులోనే చండీగఢ్ అకాడమీకి వెళ్లి పెరిగాడు. పాలమూరులో వలస మాట కొత్త కాదు. కానీ ముంబయికి, పుణెకు కూలి కోసం పోవడం తెలిసిన ఇళ్లలో పదకొండేళ్ల కొడుకును ఆట కోసం పంపాలంటే తల్లిదండ్రులు ముందు అడిగే ప్రశ్న న్యాయమైనదే: ఆట రాకపోతే చదువు ఏమవుతుంది? అకాడమీలు ఈ ప్రశ్నకు కాగితం మీద జవాబు ఇవ్వగలగాలి. ఒప్పందం సంగతీ తెలిసి ఉండాలి. ఫిఫా నియమాల ప్రకారం పద్దెనిమిదేళ్లు నిండని ఆటగాడితో మూడేళ్లకు మించి, పెద్దవారితో సాధారణంగా ఐదేళ్లకు మించి వృత్తి ఒప్పందం చేసుకోకూడదు.

ఇంకో కాగితం ఉంది, దాన్ని పట్టించుకునేవాళ్లు తక్కువ. ఆటగాడు పన్నెండో పుట్టినరోజు జరుపుకున్న సీజన్ నుంచి ఇరవైమూడో పుట్టినరోజు సీజన్ దాకా ఏ క్లబ్బులో నమోదై ఉన్నాడన్నది అతని పేరు మీద రికార్డుగా నిలుస్తుంది. తర్వాత ఎప్పుడైనా ఒప్పందం మధ్యలో విదేశీ క్లబ్బుకు అమ్ముడైతే ఆ రుసుములో 5 శాతం అతనికి శిక్షణ ఇచ్చిన క్లబ్బులకు వెళ్తుంది. 12 నుంచి 15 ఏళ్ల దాకా ఏడాదికి పావు శాతం, ఆ తర్వాత ఏడాదికి అర శాతం. అంటే చిన్నప్పుడు నాలుగేళ్లు ఆడించిన క్లబ్బుకు కోటి రూపాయలకు లక్ష వస్తుంది. భారత ఆటగాళ్లు విదేశాలకు అమ్ముడుపోవడం అరుదు కనుక ఈ డబ్బును నమ్ముకుని ఎవరూ క్లబ్బు పెట్టరు, పెట్టకూడదు కూడా. కానీ బడి జట్టు తరఫున మాత్రమే ఆడిన పిల్లవాడి పేరు అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య రిజిస్ట్రేషన్ వ్యవస్థలోకి చేరదు. వ్యాయామ ఉపాధ్యాయుడు నాలుగేళ్లు కష్టపడినా ఆ నాలుగేళ్లు రికార్డులో ఖాళీగా ఉంటాయి. జిల్లా సంఘంలో ఒక చిన్న క్లబ్బును నమోదు చేయించి పిల్లలను అందులో ఆడించడం పెద్ద ఖర్చుతో కూడిన పనేమీ కాదు.

అలాంటి క్లబ్బులు ఎనిమిది ఉంటే లీగ్ నడుస్తుంది. మహబూబ్‌నగర్‌నే తీసుకుంటే పట్టణంలో నాలుగు, జడ్చర్ల, భూత్పూర్, దేవరకద్ర, నవాబ్‌పేటలలో ఒక్కొక్కటి. అన్నీ బస్సులో గంట లోపు దూరం. ప్రతి జట్టు మిగతా ఏడింటితో రెండేసిసార్లు ఆడితే ఒక్కొక్కరికి 14 మ్యాచ్‌లు, మొత్తం 56. శనివారానికి నాలుగు మ్యాచ్‌లు పెడితే 14 శనివారాలు కావాలి. జూలై మొదలు నవంబర్ చివరి దాకా ఇరవైకి పైగా శనివారాలు వస్తాయి. రెండో శనివారాలు, దసరా సెలవులు, పరీక్షల వారం తీసేసినా సరిపోతాయి. పైగా ఎర్ర చెల్క కాస్త మెత్తబడి, పచ్చిక పట్టి, బంతి ఉన్నంతలో తిన్నగా నడిచేది ఆ నెలల్లోనే. నేల పెంకులా ఉండే మేలో శిబిరాలు పెట్టి, వానాకాలంలో బంతులను స్టోరు గదిలో ఉంచే పద్ధతిని మార్చడానికి కొత్త పథకం అక్కర్లేదు, ఒక టైంటేబుల్ చాలు.